గేటు దగ్గర బోర్డు మీద అంకె

(పోయిన ఆదివారం సాయంత్రం హన్మకొండలో జరిగిన చిన్న మీటింగ్‌లో, రిటైరైన ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ ఒకాయన మాట్లాడిన మాటలు ఇవి. రాలేకపోయినవాళ్ళు చదువుకుంటారని ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాను. తడబాట్లు మాత్రం తీసేశాను.)

అందరికీ నమస్కారం. వెనకాల గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకు రండి, ఇక్కడ ఫ్యాన్ కింద కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మన దగ్గర ఏ మీటింగ్‌కైనా ముందు వరస ఖాళీ, వెనక తలుపు దగ్గర జాతర. రండి రండి.

నన్ను కాలుష్యం గురించి, ఆయిల్ కంపెనీల గురించి మాట్లాడమన్నారు. నేను అదేం పెద్ద చదువు చదివినవాణ్ణి కాదు. ఐటీఐ చేసి, గోదావరి ఒడ్డున ఒక ఫ్యాక్టరీలో, పేరు ఎందుకులెండి, ముప్పై మూడేళ్ళు మీటర్లూ గేజీలూ ట్రాన్స్‌మిటర్లూ బాగు చేసుకుంటూ బతికినవాణ్ణి. కాబట్టి నాకు తెలిసిన దారిలోనే వస్తాను. మీటర్ ఏం చెప్పింది, మనిషి ఏం చూశాడు, అంతే.

ఇక్కడికి బండి మీద వచ్చినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. అబ్బో, సగం మందిపైనే. మీ బండిలో క్యాస్ట్రాల్ ఆయిల్ ఎప్పుడైనా పోయించారా? పోయించే ఉంటారు. ఆ క్యాస్ట్రాల్‌ను 2000 సంవత్సరంలో కొన్న కంపెనీ బీపీ. బ్రిటిష్ పెట్రోలియం. ఇప్పుడు రోడ్డు మీద జియో-బీపీ అని పెట్రోల్ బంకులు కనపడుతున్నాయి కదా, అందులో బీపీ అంటే కూడా వాళ్ళే. కాకినాడ దగ్గర సముద్రంలో గ్యాస్ ఉంది చూడండి, కేజీ-డీ6 అంటారు, అందులో 2011లో 30 శాతం వాటా కొన్నారు. అంటే నేను చెప్పబోయేది ఎక్కడో అమెరికా సంగతే గానీ, ఆ కంపెనీ మాత్రం మనకు మరీ దూరపు చుట్టమేం కాదు.

ఈ కంపెనీ 2000లో ఒక పని చేసింది. పాత లోగో తీసేసి పచ్చటి పొద్దుతిరుగుడు పువ్వు లాంటి బొమ్మ పెట్టుకుంది, బీపీ అంటే ‘బియాండ్ పెట్రోలియం’, పెట్రోలియానికి అవతల అని ప్రచారం మొదలుపెట్టింది. చూడటానికి బాగుంది. ఆ పువ్వు పూసిన పదేళ్ళలో ఏం జరిగిందో చెప్తాను.

అయితే దానికన్నా ముందు మా ఫ్యాక్టరీ గేటు దగ్గర బోర్డు గురించి చెప్పాలి. మీలో ఎన్‌టీపీసీలో, గనుల్లో, సిమెంట్ ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనికి పోయేవాళ్ళు ఉన్నారు కదా, మీకు తెలుసు. గేటు లోపలికి పోగానే పచ్చ రంగు బోర్డు ఉంటుంది. ‘ప్రమాదం లేకుండా ఇన్ని రోజులు’ అని. మా బోర్డు మీద అంకె సుద్దముక్కతో రాసేది. కొన్నాళ్ళు ఆ అంకె మార్చే డ్యూటీ నాదే, ఎందుకంటే నా షాప్ గేటు పక్కనే. పొద్దుగాల టీ తాగి, తడిగుడ్డతో తుడిచి, ఒకటి కలిపి రాసేవాణ్ణి. నాలుగు వందల చిల్లర దాకా పోయింది ఒకసారి.

ఆ నాలుగు వందల్లో ఒక రోజు, ఒక కాంట్రాక్టు పిల్లగాడికి బరువులెత్తే చెయిన్ బ్లాక్ దగ్గర వేలు నలిగింది. చూపుడు వేలు. గోరు లేచిపోయి రక్తం బొటబొట కారింది, నేనే నా చేతిరుమాలు కట్టాను. డాక్టర్ కట్టు కట్టి పది రోజులు పని చేయొద్దన్నాడు. పది రోజులు రాకపోతే అది ‘లాస్ట్ టైమ్’ కింద లెక్క. బోర్డు మీద అంకె మళ్ళీ సున్నా. ఏం చేశారో తెలుసా? పొద్దున్నే జీపు పంపి ఇంటి దగ్గర ఎక్కించుకొచ్చి, టైమాఫీస్‌లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మస్టర్‌లో హాజరు పడింది. పది రోజులు ఆ పిల్లగాడు కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, నాకు ఎదురుగా కూర్చున్నాడు. నేను పొద్దున్నే పోయి అంకెకు ఒకటి కలిపేవాణ్ణి. వాడు చూసేవాడు. ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఇది గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు టెక్సాస్ పోదాం.

టెక్సాస్ సిటీ అని ఊరు, అక్కడ బీపీకి చాలా పెద్ద రిఫైనరీ. 1998 చివర్లో అమోకో అనే కంపెనీని కలుపుకున్నప్పుడు వాళ్ళ చేతికొచ్చింది. రాగానే చెప్పిన మొదటి మాట, ఖర్చు 25 శాతం తగ్గించండి అని. పాత ప్లాంటు, పాత పైపులు, అందులో 25 శాతం కోత. ప్రమాదానికి కొద్ది నెలల ముందు బయటివాళ్ళతో కార్మికుల మనసులో ఏముందో తెలుసుకునే సర్వే చేయించారు, ఆ రిపోర్టులో ఏం రాశారంటే, ‘ఇవాళ నేను చచ్చిపోవచ్చు’ అన్న ఆలోచన ఇంతమంది కూలీల్లో ఇంత నిజంగా ఉన్న చోటు మేం ఎక్కడా చూడలేదని. కంపెనీ డబ్బు పెట్టి చేయించుకున్న రిపోర్టే. బల్ల మీదే ఉంది.

2005 మార్చి 23. ఒక యూనిట్ మెయింటెనెన్స్ అయిపోయి స్టార్టప్ చేస్తున్నారు. మీలో షట్‌డౌన్ పనులకు పోయినవాళ్ళకు తెలుసు, నడిచే ప్లాంటుకన్నా ఆపేటప్పుడు, మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు టెన్షన్ ఎక్కువ. అక్కడ 170 అడుగుల టవర్ ఉంది. పదిహేడంతస్తుల మేడంత ఎత్తు. అందులో అడుగున ఆరేడు అడుగుల ద్రవం ఉంటే చాలు. నైట్ షిఫ్ట్ వాళ్ళు నింపడం మొదలుపెట్టారు, పొద్దున షిఫ్ట్ మారింది, లాగ్ బుక్‌లో ఒక్క లైన్ రాసి వెళ్ళిపోయారు. ఒక్క లైన్. పొద్దున వచ్చినవాళ్ళు మళ్ళీ నింపడం మొదలుపెట్టారు, బయటికి పోయే వాల్వ్ మూసి ఉంది. మూడు గంటలకు పైన లోపలికి పోయిందే గానీ బయటికి వచ్చింది లేదు.

మరి మీటర్ లేదా అంటారు. ఉంది! నా బాధంతా అదే. లెవల్ ట్రాన్స్‌మిటర్ ఉంది, కానీ అది తొమ్మిది అడుగుల దాకానే చూడగలదు. దాని పైన ఎంత ఉన్నా దానికి కనపడదు. పైగా దాని కాలిబ్రేషన్, అంటే కొలత సరిచూసి పెట్టడం, ఎప్పుడో 1975 నాటి కాగితం లెక్కల మీద చేసింది. ద్రవం వేడెక్కేకొద్దీ ఆ మీటర్ లెవల్ మెల్లగా తగ్గుతున్నట్టు చూపించింది. ఒంటిగంట దాటాక కంట్రోల్ రూమ్‌లో స్క్రీన్ మీద ఉన్న అంకె 7.9 అడుగులు. టవర్‌లో నిజంగా ఉన్నది 158 అడుగులు.

మళ్ళీ చెప్తాను. స్క్రీన్ మీద 7.9. లోపల 158.

ఇంకో అలారం ఉంది, ఎక్కువైతే మోగాలి, మోగలేదు. కంటితో చూసే గాజు గొట్టం ఉంది, అది మురికి పట్టి లోపల ఏమీ కనపడదు. ఇవన్నీ ముందే తెలిసిన రిపేర్లు. ‘తర్వాత చూద్దాం’ అన్నవి. నేను ఆ మాట కొన్ని వేలసార్లు విన్నాను కాబట్టి చెప్తున్నా, ఇన్‌స్ట్రుమెంట్ షాప్‌లో ఎక్కువ వినపడే మాట అది. బోర్డు దగ్గర కూర్చున్న ఆపరేటర్‌ను తిట్టడం చాలా తేలిక, మొదట్లో కంపెనీ కూడా అదే చేసింది. ఆయన వరసగా 29 రోజులు, రోజుకు 12 గంటల షిఫ్ట్ చేస్తున్నాడు. ఒక్కడే మూడు యూనిట్లు చూస్తున్నాడు. సూపర్‌వైజర్ ఇంట్లో ఏదో అవసరమై వెళ్ళిపోతే ఆ చోట ఇంకొకరిని పెట్టలేదు. 29 రోజులు ఆపకుండా చేస్తే మనకు ఇంటి అడ్రసే గుర్తుండదు.

టవర్ పొంగింది. సేఫ్టీ వాల్వులు తెరుచుకున్నాయి, ఆ ద్రవం పాతకాలపు డ్రమ్ములోకి పోయింది. ఆ డ్రమ్ము మీద పొగగొట్టం లాంటిది ఆకాశంలోకి తెరిచి ఉంటుంది. మామూలుగా అలాంటి చోట ఫ్లేర్ పెడతారు, పైన మంట వెలుగుతూ ఉంటుంది, వచ్చింది వచ్చినట్టు కాలిపోతుంది. 1997లో, అప్పుడింకా అమోకోదే, ఆ డ్రమ్మును మార్చే సందర్భం వచ్చింది. ఫ్లేర్ పెట్టొచ్చు. పెట్టలేదు, అచ్చం అలాంటి డ్రమ్మే మళ్ళీ తెచ్చి పెట్టారు. ఆ తర్వాత బీపీకీ అది అలాగే ఉండిపోయింది. సో, పెట్రోల్ లాంటి ద్రవం ఆ గొట్టంలోంచి ఫౌంటెన్ లాగా ఎగజిమ్మి కిందపడి ఆవిరయింది. పక్కన ఒక డీజిల్ పికప్ బండి ఇంజన్ ఆన్‌లో ఉంది, దాని నుంచే అంటుకుందని తర్వాత తేల్చారు. మధ్యాహ్నం 1:20.

ఆ డ్రమ్ముకు 121 అడుగుల దూరంలో ట్రైలర్లు ఉన్నాయి. చక్రాల మీద ఉండే తాత్కాలిక ఆఫీసులు, మన దగ్గర కాంట్రాక్టర్ షెడ్డు ఉంటుంది కదా, రేకులది, అలాంటివే. వాటిలో కూర్చున్నవాళ్ళకు, పక్కనే స్టార్టప్ జరుగుతోందని ఎవరూ చెప్పలేదు. వాళ్ళసలు వేరే యూనిట్ పని కోసం వచ్చినవాళ్ళు. 15 మంది చనిపోయారు. 180 మందికి దెబ్బలు తగిలాయి.

ఇంకో సంగతి చెప్పనా? ఆ రోజు మధ్యాహ్నం అక్కడ కాంట్రాక్టు వాళ్ళకు భోజనాలు పెట్టారు. ఎందుకో తెలుసా? ప్రమాదాలు లేకుండా పని బాగా జరుగుతోందని. ఆ భోజనం చేసి వచ్చాకే ఇది.

అర్థమైంది కదా నేను బోర్డు సంగతి ముందే ఎందుకు చెప్పానో. తర్వాత కంపెనీయే ఒక కమిటీ వేసింది, అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ దానికి పెద్ద. 2007 జనవరిలో రిపోర్టు వచ్చింది. వాళ్ళు చెప్పింది మన భాషలో చెప్తాను. ఈ కంపెనీ కాలు జారడం, వేలు నలగడం, మెట్ల మీద రెయిలింగ్ పట్టుకోకపోవడం, వీటిని లెక్క పెడుతోంది. ఆ అంకె ఏటేటా తగ్గుతోంది, దాన్ని చూసి మేం భద్రంగా ఉన్నాం అనుకుంటోంది. టవర్ పొంగుతుందా, పైపు పగులుతుందా, అది లెక్కలో లేదు. కాలు జారకపోవడానికీ టవర్ పేలకపోవడానికీ సంబంధం లేదండీ. ఒకటి మనిషి జాగ్రత్త, ఇంకోటి ప్లాంటు ఆరోగ్యం. ఇంట్లో అందరూ చెప్పులు వరసగా విడుస్తున్నారు కాబట్టి గ్యాస్ సిలిండర్ లీకవదు అనుకుంటే ఎలా?

ఇక అలాస్కా. దీన్ని త్వరగా చెప్పేస్తాను. 2006 మార్చి, మంచులో బీపీదే పైప్‌లైన్, 34 అంగుళాలది. తుప్పు పట్టి చిన్న చిల్లు పడింది. రెండు లక్షల గ్యాలన్లకు పైగా క్రూడ్ మంచు కింద కారిపోయింది. లీక్ కనిపెట్టే సిస్టమ్ పట్టుకోలేదు, ఎవరో పనివాడికి ఆ దారిన పోతుంటే వాసనొచ్చి చూశాడు. పైపుల లోపల తుప్పు చూడటానికి ఒక యంత్రాన్ని పంపుతారు, దాన్ని పిగ్ అంటారు, అవును, పంది అనే అర్థం, నవ్వకండి, ఆ పంది ఆ పైపులోకి 1998 తర్వాత పోనే లేదు. ఎనిమిదేళ్ళు. ఎందుకు పంపలేదు? ఖర్చు. అంతే, దీని మీద ఇంకా చెప్పడానికేం లేదు.

కొత్త సీఈఓ వచ్చాడు, టోనీ హేవర్డ్, 2007లో. భద్రత మీద లేజర్ లాగా దృష్టి పెడతానన్నాడు. మూడేళ్ళయింది.

2010 ఏప్రిల్ 20 రాత్రి. మెక్సికో గల్ఫ్, అమెరికాకు దక్షిణాన ఉన్న సముద్రం. డీప్‌వాటర్ హొరైజన్ అనే రిగ్గు, అంటే సముద్రం మీద తేలుతూ ఆయిల్ బావి తవ్వేది. రిగ్గు ట్రాన్స్‌ఓషన్ అనే కంపెనీది, బావి బీపీది, సిమెంట్ పని హాలిబర్టన్‌ది. చూశారా, మన దగ్గర కాంట్రాక్టు, సబ్ కాంట్రాక్టు ఎలా ఉంటుందో అదే. నీళ్ళ లోతే దాదాపు అయిదు వేల అడుగులు. బావి తవ్వడం అయిపోయింది, ప్రస్తుతానికి మూసేసి పోవాలి. పని నలభై రోజులకు పైగా ఆలస్యమైంది, రిగ్గు ఖర్చు రోజుకు పది లక్షల డాలర్ల దాకా. అందరికీ ఒకటే తొందర. బావిలో పైపు మధ్యలో నిలబడటానికి 21 సెంట్రలైజర్లు పెట్టాలని హాలిబర్టన్ లెక్క చెప్తే ఆరింటితో కానిచ్చారు. సిమెంట్ గట్టిపడిందో లేదో చూసే పరీక్ష ఒకటుంది, దాని కోసం వచ్చిన టీమ్‌ను ఆ రోజు పొద్దున హెలికాప్టర్ ఎక్కించి వెనక్కి పంపేశారు. అక్కర్లేదని.

సాయంత్రం ఇంకో పరీక్ష, ప్రెషర్ టెస్ట్. ఇది నాకు బాగా అర్థమైన ముక్క, కాస్త నిదానంగా చెప్తాను. బావిలో ప్రెషర్ తగ్గించి చూస్తారు. అడుగున సిమెంట్ గట్టిగా ఉంటే పైన గేజీ సున్నా దగ్గర ఆగాలి. డ్రిల్ పైపు గేజీ 1,400 చూపించింది. అంటే కిందనుంచి ఏదో తోస్తోంది. ఇంకో సన్న పైపు మీద గేజీ సున్నా. ఒకే బావి, రెండు గేజీలు, రెండు మాటలు. ఇప్పుడు చెప్పండి, మీరైతే ఏం చేస్తారు? నాకు మొదటి ఏడాదిలోనే మా ఫోర్‌మన్ నేర్పిన పాఠం, రెండు గేజీలు తేడాగా చెప్తే చెడ్డ కబురు చెప్పేదాన్ని ముందు నమ్ము, తప్పని రుజువయ్యేదాకా దాన్నే నమ్ము. అక్కడ సున్నాను నమ్మారు. 1,400 ఎందుకొచ్చిందో ఒక కథ అల్లుకుని టెస్ట్ పాసైంది అనుకున్నారు.

ఆ రోజు రిగ్గు మీదికి బీపీ నుంచీ ట్రాన్స్‌ఓషన్ నుంచీ పెద్ద ఆఫీసర్లు వచ్చి ఉన్నారు. ఎందుకొచ్చారు? ఊహించండి. ఏడేళ్ళుగా ఆ రిగ్గు మీద లాస్ట్ టైమ్ ప్రమాదం లేదు. అభినందించడానికి వచ్చారు.

నేను కల్పించి చెప్తున్నాననిపిస్తుంది. అక్కడ భోజనాలు, ఇక్కడ అభినందనలు. నిజంగా జరిగిందే.

రాత్రి పదవుతుండగా పేలింది. 126 మంది ఉన్నారు, 11 మంది పోయారు. సముద్రం అడుగున బావి మూతి దగ్గర పైపును కోసి మూసేసే పెద్ద యంత్రం ఉంటుంది, చివరి దిక్కు అది, అదీ పని చేయలేదు. రెండు రోజుల తర్వాత రిగ్గు మునిగింది, బావి మాత్రం 87 రోజులు తెరుచుకునే ఉంది. కోర్టు లెక్కన సముద్రంలో కలిసింది 31.9 లక్షల బ్యారెళ్ళు, ప్రభుత్వం అంతకన్నా ఎక్కువే చెప్పింది. కోర్టు లెక్కే తీసుకోండి, 50 కోట్ల లీటర్లు. మన రోడ్ల మీద పోయే 20 వేల లీటర్ల ట్యాంకర్లకు ఎత్తితే 25 వేల ట్యాంకర్లు. ఒకదాని వెనక ఒకటి నిలబెడితే ఇక్కడి నుంచి హైదరాబాద్ దాకా పోయి, ఇంకో వరస వెనక్కి తిరిగి జనగామ దాటుతుంది. అదంతా రొయ్యలు పట్టుకునేవాళ్ళ నీళ్ళలో, పక్షులు గుడ్లు పెట్టే గడ్డి మడుగుల్లో. మధ్యలో ఆ హేవర్డ్ గారు టీవీ ముందు ఏమన్నాడో తెలుసా, నాకు నా జీవితం తిరిగి కావాలి అన్నాడు. పదకొండు ఇళ్ళవాళ్ళు వింటున్నారు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్న లెక్క. టెక్సాస్ సిటీలో 15, గల్ఫ్‌లో 11. మొత్తం 26. ఈ 26 మందిలో బీపీ మస్టర్‌లో పేరున్నవాళ్ళు ఎంతమంది?

ఒక్కరు కూడా లేరు.

టెక్సాస్‌లో పదిహేను మందీ కాంట్రాక్టు వాళ్ళు. రిగ్గు మీద తొమ్మిది మంది ట్రాన్స్‌ఓషన్, ఇద్దరు ఇంకో కాంట్రాక్టు కంపెనీ. రేకుల షెడ్డు ఎక్కడుంటే చావు అక్కడే ఉంది. కాంట్రాక్టు తమ్ముళ్ళు, మీరు అమెరికా అనుకుని వింటున్నారు, నేను ఇందాకటి నుంచి మీ గురించే చెప్తున్నా.

శిక్షల సంగతి అడుగుతారు. టెక్సాస్ సిటీ కేసులో నేరం ఒప్పుకుని 5 కోట్ల డాలర్ల జరిమానా కట్టారు. ఆ ప్రమాదం జరిగిన ఏడాది కంపెనీ లాభం దాదాపు 2,200 కోట్ల డాలర్లు. అంటే ఒక్క రోజు లాభం కూడా కాదు. గల్ఫ్ మాత్రం గట్టిగానే తగిలింది, అది ఒప్పుకోవాలి. 2012లో పదకొండు మంది చావులకూ నేరం ఒప్పుకుని 400 కోట్ల డాలర్లు, తర్వాత ప్రభుత్వాలతో 2,080 కోట్ల డాలర్ల ఒప్పందం, అన్నీ కలిపి 6,500 కోట్ల డాలర్ల దాకా అయ్యాయి. జడ్జి కార్ల్ బార్బియర్ 2014లో ఇది ఘోరమైన నిర్లక్ష్యం అన్నాడు, తప్పులో 67 శాతం బీపీది, 30 ట్రాన్స్‌ఓషన్‌ది, 3 హాలిబర్టన్‌ది అని పంచాడు. జైలుకు ఎవరైనా పోయారా? ఒక్కడూ పోలేదు. కంపెనీని జైల్లో పెట్టలేరు కదా, దానికి ఒళ్ళు లేదు. గల్ఫ్ తగలబడుతున్న ఆ నెలల్లోనే అదే టెక్సాస్ సిటీ రిఫైనరీ నుంచి నలభై రోజులు బెంజీన్ లాంటి విషవాయువులు బయటికి వదిలారు. ఊరంతా పీల్చింది. 2013లో ఆ రిఫైనరీని అమ్మేసుకున్నారు.

బీపీ ఒక్కటే ఇలాంటిదా అని వెనకనుంచి ఎవరో అంటున్నారు. మంచి ప్రశ్న. కాదు. 2020 మే 7, విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్, తెల్లవారుజామున స్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం ఆవిరి ఊరి మీద పడి 12 మంది పోయారు. దాని మీద ప్రభుత్వ కమిటీ రిపోర్టులో ఒక ముక్క చదివి నేను రాత్రి నిద్రపోలేదు. ఆ ట్యాంకుకు టెంపరేచర్ చూసే ఏర్పాటు అడుగునే ఉంది. మధ్యలో లేదు, పైన లేదు. పైన ఉడుకుతుంటే కిందున్న మీటర్ బాగానే ఉంది అంది. టెక్సాస్‌లో తొమ్మిది అడుగులకు పైన చూడలేని మీటర్, విశాఖలో అడుగునే చూసే మీటర్. మీటర్లు అబద్ధం చెప్పలేదండీ. వాటికి ఎంత చూపిస్తే అంతే చెప్పాయి.

బీపీని ఎందుకు ఎంచుకున్నానంటే వాళ్ళ ప్రమాదాల మీద జరిగిన విచారణలు అన్నీ బయట ఉన్నాయి, ఎవరైనా చదువుకోవచ్చు. ఏ వాల్వ్ ఎప్పుడు మూసి ఉంది, లాగ్ బుక్‌లో ఏ లైన్ రాశారు, అన్నీ. మన దగ్గర ప్రమాదమైతే ఎక్స్‌గ్రేషియా ఎంతో పేపర్లో వస్తుంది, ఏ వాల్వో చాలాసార్లు రాదు. ఇక్కడున్న ఇంజనీరింగ్ పిల్లలకు చెప్తున్నా, టెక్సాస్ సిటీ మీద వాళ్ళ కెమికల్ సేఫ్టీ బోర్డు 2007లో ఇచ్చిన రిపోర్టు చదవండి. మీ సిలబస్‌లో లేకపోయినా చదవండి.

షట్‌డౌన్ పనులకు పోయేవాళ్ళకు ఒకటి చెప్పి ఆపేస్తాను, ఎనిమిదవుతోంది, బస్సుకు పోవాల్సినవాళ్ళు ఉన్నారు. గేట్ పాస్ తీసుకోగానే పర్మిట్ కాగితం మీద సంతకం పెట్టేస్తారు కదా, పెట్టే ముందు అడగండి. మా షెడ్డు పక్కన ఏ యూనిట్ ఉంది? అది ఈ వారంలో స్టార్టప్ ఉందా? ఉంటే ఆ టైమ్‌కు మమ్మల్ని ఎవరు లేపి పంపిస్తారు, ఆయన ఫోన్ నంబర్ ఏంటి? ముఖం చిట్లిస్తారు. చిట్లించనీయండి. ‘ఈయనొక్కడే అడుగుతాడు’ అంటారు, అందుకే నలుగురు కలిసి అడగండి.

ఆ వేలు నలిగిన పిల్లగాడు ఇప్పుడు మంథని దగ్గర ట్రాక్టర్ నడుపుకుంటున్నాడు. రెండేళ్ళ కింద ఒక పెళ్ళిలో కలిశాడు. అన్నా, బోర్డు ఇంకా ఉందా అని అడిగాడు. ఉంది తమ్మీ, ఇప్పుడు సుద్దముక్క కాదు, కరెంట్ అంకెలు పెట్టారు అన్నాను.

అక్కడ టీ వచ్చినట్టుంది. ముందు తాగండి, తర్వాత ప్రశ్నలుంటే అడగండి, నేనిక్కడే ఉంటాను.